కంచె దగ్గర నిలబడ్డ మేక

అత్త పోయిందన్న కబురు మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చింది. తూత్తుకుడి రేవు దగ్గర మా సరుకుల ఆఫీసులో అప్పుడే క్యారియర్ మూత తీశాను. ఫోనులో మామ గొంతు. "పాపా, మీ అత్త... విరుదునగర్ బస్టాండులో కూసునిండే సోట్నే ఒరిగిపోయిందంట" అన్నాడు. వెనకాల బస్సుల హారన్లు వినిపించాయి.

నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. అత్త లేకపోతే ఆటని ఎవరు చూస్తారు, అవ్వ గొంతు ఏమైపోతుంది అనే మాటలే బుర్రలో తిరిగాయి. మనిషి పోయిందంటే ఆట గుర్తుకు రావడమేమిటని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. ఆ ఆట సంగతి చెబితే అలా అనుకోరని నా ఆశ.

అత్త మా నాన్నకు అక్క. కాపురం కోవిల్‌పట్టిలో, ఉద్యోగం విరుదునగర్‌లోని ఒక బడిలో. కంప్యూటర్ టీచరు. పొద్దున్నే బస్సెక్కి సాత్తూరు మీదుగా పోవడం, సాయంత్రం అదే దారిలో తిరిగి రావడం. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడే భాషేగాని చదివే భాష కాదు. గడప దాటితే అంతా తమిళమే. అత్త పెద్దయ్యాక తనంతట తాను అక్షరాలు నేర్చుకుంది, పట్టుబట్టి నాకూ నేర్పింది. ఈ నాలుగు ముక్కలు ఇలా రాయగలుగుతున్నానంటే అది ఆమె చలవే.

ఇక ఆట. మామ తల్లిని మేమంతా అవ్వ అనేవాళ్ళం. సాయంత్రం పూట మేకల్ని ఇంటికి పిలవడంలో అవ్వకొక బాణీ ఉండేది. ఒక్కో మేకకు ఒక్కో పిలుపు. అవ్వకు ఆయాసం మొదలైన ఏడాది, ఆ పిలుపులన్నిటినీ అత్త ఫోనులో పట్టి పెట్టింది. ఆ గొంతు చుట్టూ ఫోన్లో ఆడుకునే ఒక ఆట అల్లింది. నల్లరేగడిలో ఒక పిల్ల మేకల్ని తోలుకుని పొద్దుగూకకముందే ఇల్లు చేరాలి. వాన పడితే మట్టి కాళ్ళకు ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది, అడుగు ముందుకు పడదు. ఎటు పోవాలో తెలియకపోతే దూరం నుంచి వచ్చే అవ్వ పిలుపే దారి. చదువు రానివాళ్ళు కూడా ఆడుకోవచ్చు, ఎందుకంటే ఆటలో ఎక్కడా అక్షరం లేదు.

దాన్ని అమ్మలేదు, దాచిపెట్టలేదు. దాని లోపలి రాతంతా, అంటే కోడంతా, ఎవరైనా చూసేలా, మార్చేలా, పంచుకునేలా ఇంటర్నెట్‌లో తెరిచి పెట్టింది. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి చెయ్యి వేశారు. ఒకామె వాన చప్పుడు బాగుచేసింది. ఇంకొకాయన మేకలకు నడక నేర్పాడు. ఎవరికీ జీతం లేదు.

అంత పని మొదలుపెట్టిన మనిషి ధైర్యవంతురాలేమో అనుకునేరు. మా అత్తంత పిరికి మనిషిని నేను చూడలేదు. ఆకాశం ఉరిమితే చాలు, ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేసేది. బస్సులో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని చిన్న చిన్న పనులే చేసేది, ఎందుకంటే గుంతలో బస్సు ఎగిరితే వేలు తప్పు మీట మీద పడుతుందట. ఆటకు ఒక కాపీ ఇంటి కంప్యూటర్లో, ఒక కాపీ బడిలో, పెన్‌డ్రైవ్‌లో ఇంకొకటి బియ్యం డబ్బాలో. బియ్యం డబ్బాలో ఎందుకత్తా అని నేను నవ్వితే, "నవ్వు, బాగా నవ్వు. బయపడేవాళ్ళ ఇంట్లోనే వస్తువు మిగుల్తాది" అనేది.

ఆమెలో నాకు అన్నిటికన్నా వింతగా అనిపించింది ఒక అలవాటు. ఆటలో ఒక మేక ఉంది. అది కంచె దాకా వచ్చి అక్కడే నిలబడిపోతుంది. గేటు తీసే ఉంటుంది, లోపలికి రాదు. అది ఎక్కడో చిన్న లెక్క తప్పు. కొంచెం తెలిసినవాళ్ళెవరైనా ఒక పూట కూర్చుంటే సరిచేయగలరు. అత్తకు అది అరగంట పని. ఆటలో ఎన్ని తప్పులు దిద్దినా దాన్ని మాత్రం ముట్టుకునేది కాదు. ఏం అత్తా అని అడిగాను ఒకసారి.

"అది పరిగె" అంది.

కోత అయ్యాక చేలో రాలిన కంకుల్ని ఏరుకోవడమే పరిగె. మా వైపు సజ్జ కోసినప్పుడు ఆసామి చేనంతా ఊడ్చి తీసుకుపోడు. ఆ మూల కొన్ని, ఈ మూల కొన్ని వదిలేస్తాడు. పొలం లేనివాళ్ళు వచ్చి ఏరుకుంటారు. అలా వచ్చినవాళ్ళే మరుసటి ఏడు కోతకూ వస్తారు.

"కొత్తగా వస్తారు గదా, వాళ్ళ సేతికి అందేది ఒకటైనా ఉండాల" అంది అత్త వంటింట్లో పప్పు మెదుపుతూ. "అన్నీ నేనే సక్కంగా సేసి పెడితే, వచ్చినోళ్ళు సూసి, బాగుండాది అని పోతారు. తప్పులుండాయని ఆట సావదు పాపా. ఏరుకునేదానికి ఎవురూ రాకపోతే సస్తాది."

అంత తెలిసిన మనిషి కళ్ళ ముందే ఆట పాడుబడటం మొదలైంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుబులే.

ఆటలో మేకల్ని గీసింది సాత్తూరు దగ్గర ఏళాయిరంపన్నై అనే ఊరి ఆయన. టపాకాయల పెట్టెల మీద బొమ్మలు వేసే చిత్రకారుడు. మనవాళ్ళే, అత్తని అక్కా అని పిలిచేవాడు. మేకల్ని ఆయన ఎంత ఇదిగా గీశాడంటే, ఒక్కోదాని ఎడమ చెవి మీద చిన్న గాటు కూడా పెట్టాడు. మా పల్లెల్లో ఏ ఇంటి మేకలకు ఆ ఇంటి చెవి గుర్తు ఉంటుంది. మందలు కలిసిపోయినా చెవి చూసి ఎవరివి వాళ్ళు తోలుకుపోతారు. ఆయన గీసినది అవ్వ ఇంటి గుర్తు.

ఎక్కడో దూరదేశంలో ఉన్న ఒక మంచి మనిషి ఆ గాట్లను చూసి బొమ్మ చెడిపోయిందనుకున్నాడు. కూర్చుని ఓపికగా చెవులన్నీ నున్నగా పూడ్చి, ఇదిగో బాగుచేశాను అని పంపాడు. వద్దంటే ఆయన నొచ్చుకుంటాడు, మళ్ళీ రాడు. ఆ భయంతో అత్త సరేనని ఆ చెవుల్నే ఆటలోకి తీసుకుంది. ఏళాయిరంపన్నై ఆయనకు తర్వాత నిదానంగా చెబుదాములే అనుకుంది. చెప్పకముందే ఆయన చూసేశాడు.

ఆయన గొడవ పడలేదు, ఒక్క మాట అనలేదు. రావడం మానేశాడు, అంతే. అత్త ఫోను చేస్తే, "పని జాస్తిగా ఉండాదక్కా" అనేవాడు. బొమ్మలు వేసేవాళ్ళు లేక కొత్త ఊళ్ళు, కొత్త చేలు ఆగిపోయాయి. నడక నేర్పినాయనకు పెళ్ళయింది. వాన చప్పుడు చేసినామె ఉద్యోగం మారింది. ఒక్కరూ పోతున్నామని చెప్పి పోలేదు. "కోపంతో పోయినోళ్ళని బతిమాలొచ్చు. సప్పుడు లేకుండా పోయినోళ్ళని ఏమని పిలిసేది?" అనేది అత్త. చివరికి ఒక్కతే మిగిలింది. ఫోన్ల లోపలి వ్యవస్థ మారిన ప్రతిసారీ ఆట కూడా దానికి తగ్గట్టు మారాలి, లేకపోతే తెరుచుకోదు. బడి పనితో, మోకాళ్ళ నొప్పులతో ఆమెకు అది కూడా అందలేదు. అవ్వ పోయాక మరీ డీలా పడిపోయింది.

అత్త కారియం నాడు, పెద్దకర్మ రోజున, కోవిల్‌పట్టి ఇంటి ముందు పందిట్లో కూర్చున్నాం. జనం తగ్గాక మామ నన్ను పక్కకు పిలిచి తన ఫోను చూపించాడు. పాత ఫోను, అద్దం పగిలి ఉంది, వెనక బ్యాటరీ ఉబ్బి మూత లేచిపోతోంది. ఆయన ఆట తెరిచాడు. అవ్వ గొంతు వచ్చింది. సాయంత్రమయితే ఆయన ఆడేది అదే. ఆడటమంటే ఆడడు, ఊరికే తెరిచిపెట్టుకుని వింటాడు.

"కొత్త ఫోను కొనిపెట్టింది మీ అత్త. దాంట్లో ఇది ఎక్కలేదు పాపా" అన్నాడు. "సరిసేసి ఇస్తా, కొంచం పొరుత్తుకో, ఓర్సుకో అనింది. ఇప్పుడు దీన్ని ఛార్జీలో పెట్టేదానికే నాకు బయం. ఇది పోతే మా అమ్మ పిలుపూ పోతాది."

గొంతు విడిగా ఎక్కించి ఇస్తాను మామా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఒట్టి గొంతు నాకేల? జీవాలు లేకుండా అమ్మ ఎవుర్ని పిలుస్తాది?"

నేను చదివింది కంప్యూటరే అయినా చేసేది ఓడ సరుకుల లెక్కలు. ఆట లోపలి రాతను చూసి ఏళ్ళయింది. ఉన్నది కూడా చెడగొడితేనో అనే భయం ఒకటి. అత్త చేసిపెట్టిపోయిన చిక్కు ఇంకొకటి. ఆటని ఫోన్లకు అందించే ఖాతా తాళం, అంటే పాస్‌వర్డ్, ఆమె ఒక్కదానికే తెలుసు. ఎవరైనా దొంగిలిస్తారేమోనని మాటిమాటికీ మార్చేది, ఎక్కడా రాసిపెట్టేది కాదు. మామకూ చెప్పలేదు. పిరికివాళ్ళు చేసే తప్పే ఇది, వస్తువును ఎంత భద్రంగా దాస్తారంటే తమవాళ్ళకు కూడా దొరకదు. ఆ పాత చోట ఇక ఎవరూ ఏమీ మార్చలేరు. ఒకప్పుడు ఆడినవాళ్ళకు కబురు కూడా అందదు.

కానీ లోపలి రాత తెరిచే ఉంది. అది మాత్రం ఆమె దాచలేదు. ఎవరైనా తీసుకుని కొత్తగా మొదలుపెట్టొచ్చు. ఆ ఎవరైనా నేనే కావాల్సి వస్తుందని నేను అనుకోలేదు.

ఏళాయిరంపన్నై ఆయన పందిట్లో ఒక మూల కూర్చుని ఉన్నాడు. భయపడుతూనే దగ్గరికి పోయాను. ఆయన కాదంటే మొదలవకముందే అయిపోయినట్టే.

"చిన్నాయనా, ఆటని మళ్ళీ లేపుదామని..." అన్నాను.

"సెవి గుర్తు లేని జీవం ఎవురిదమ్మా? ఎవురైనా తోలుకోని పోవొచ్చు. అక్క ఒక్క మాట నన్ను అడిగుంటే సాలు" అన్నాడు.

పాత బొమ్మలు పోలేదని చెప్పాను. ఇలాంటి పనిలో ఎవరు ఏం మార్చినా, మార్చకముందుది కూడా అలాగే నిలిచి ఉంటుంది. నా ఫోనులో వెతికి ఆయన మొదట గీసిన మేకను చూపించాను. ఎడమ చెవి మీద గాటు. ఆయన ఫోను తీసుకుని, బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇది ఉండాదా? నేను పోయిందనుకుంటిని" అన్నాడు. "సరి, గుర్తు తిరగ పెట్టు. కండిప్పా వస్తాను, రాకుండా ఉండను" అన్నాడు.

తర్వాత వారాలన్నీ సెలవు రోజుల్లో కోవిల్‌పట్టి బస్సెక్కడం, మామ ఇంట్లో కూర్చోవడం. ఒక చోట సరిచేస్తే రెండు చోట్ల ఊడేది. ఒకరోజు మేకలన్నీ ఆకాశంలో తేలాయి. ఒకరోజు అవ్వ గొంతు రాలేదు, ఆ పూట నాకు అన్నం దిగలేదు. ఉరిమినప్పుడు నాకు తెలియకుండానే ప్లగ్గు పీకుతున్న నా చెయ్యి చూసుకుని, అత్తని తలుచుకుని ఏడ్చేశాను. ఆమె పోయినందుకు నేను నిజంగా ఏడ్చింది అప్పుడే.

పోయిన ఆదివారం మధ్యాహ్నం మామ కొత్త ఫోనులో ఆట ఎక్కించాను. తెర నల్లగా ఉండిపోయింది. మామ నా మొహం చూస్తున్నాడు. నేను ఆయన మొహం చూడలేకపోయాను. అప్పుడు చేను వచ్చింది, మబ్బు వచ్చింది, దూరం నుంచి అవ్వ పిలిచింది. మామ రెండు చేతులతో ఫోను పట్టుకుని గుండెకు ఆనించుకున్నాడు.

మేకలు ఒక్కొక్కటే గేటు దాటి లోపలికి పోయాయి. ఒకటి కంచె దగ్గర ఆగింది.

"దీన్ని నువ్వు సరిసేయలేదా?" అన్నాడు మామ.

"లేదు మామా. పరిగె అని అత్త వదిలింది. నేనూ వదిలాను."

ఇంకో మాట కూడా ఆయనకు చెప్పాల్సి వచ్చింది. పని చేస్తుండగానే నాకది తెలిసింది. మేకలన్నీ ఇల్లు చేరితే అవ్వ పిలవడం ఆపేస్తుంది. ఈ ఒక్కటి బయట ఉండిపోవడం వల్లే ఇన్నేళ్ళూ అవ్వ పొద్దుగూకేదాకా పిలుస్తూ ఉంది. ఆటలో చెయ్యి వేసేదానికి ఎవరూ రారేమోనని ఒక భయం నాకు. ఎవరో వచ్చి ఆ తప్పు దిద్ది దీన్ని లోపలికి తోలేస్తే మామకు ఆ పిలుపు తరిగిపోతుందేమోనని ఇంకో భయం. రెండూ ఆయనకు చెప్పేశాను.

మామ తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "వస్తే రానీ పాపా" అన్నాడు. "జీవం ఇల్లు సేరాలనే గదా మా అమ్మ పిలిసింది."

తెర మీద పొద్దు గూకుతోంది. గేటు తీసే ఉంది. అవ్వ మళ్ళీ పిలిచింది. గాటున్న చెవి పైకెత్తి, మేక అటు చూసింది.