నన్ను ఫెయిల్ చేసిన సారు

కడపలో ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్ బయట కూర్చుని ఇది రాస్తున్నాను. వేంపల్లెలో మెట్ల మీద జారిపడిన మా అక్కకు తలలో నెత్తురు గడ్డకట్టింది, హైదరాబాదు దాకా తీసుకుపోయే వ్యవధి లేదు. నలభై ఏళ్లు ఇదే ఆపరేషన్ చేసిన నా చేతులు ఇప్పుడు కాఫీ గ్లాసు పట్టుకున్నా వణుకుతాయి కనుక, లోపల కత్తి పట్టుకున్నది నేనొకప్పుడు పరీక్షకుడిగా పోయి పాసు చేసిన అబ్బాయి.

మా రోజుల్లో మెదడు సర్జరీ పెద్ద డిగ్రీ ఆఖరి పరీక్షలో రోగి స్కాన్ ఫిల్మును కవర్లో పెట్టి బల్ల మీద ఉంచేవారు. ముందు రోగితో మాట్లాడి, కాళ్లూ చేతులూ పట్టి చూసి, జబ్బు తలలో ఏ వైపు ఉందో చెప్పాకే ఆ కవరు విప్పాలి. నందికొట్కూరు నుంచి వచ్చిన కూలిమనిషి నాకు పడ్డాడు. పరీక్ష పెడుతున్న మా సారు అటు తిరగగానే ఫిల్ము సగం బయటికి లాగి దొంగచాటుగా చూసేసి, జవాబు సరిగ్గానే చెప్పాను. ఎన్నోసార్లు ఇంటికి పిలిచి ఉగ్గాని పెట్టిన ఆ సారే నా దొంగతనం కనిపెట్టి, "ఫిల్ముకు వైద్యం చేస్తావా, మనిషికా? ఇంగో ఆర్నెల్లు ఈడనే ఉండప్పా" అని ఫెయిల్ చేశారు. ఆ ఆర్నెల్లూ కర్నూలు వార్డులో ఆయన్ను తిట్టుకోని పూట లేదు, కానీ నేను డాక్టరునయ్యింది ఆ ఆర్నెల్లలోనే.

చాలా ఏళ్లకు ఒక ప్రైవేటు కాలేజీలో ఈ అబ్బాయి, ఎడమ చెయ్యి పడిపోయిన రోగిని చూసి గడ్డ కూడా ఎడమవైపే అన్నాడు. మెదడు కుడి సగం ఎడమ ఒంటిని నడిపిస్తుందన్నది మా చదువులో ఓనమాలు. భయపడ్డాడులెండి, పెళ్లాంబిడ్డలున్నవాడు, పోనీయండి అన్నారు తోటి పరీక్షకులు. భోజనాలు చల్లారిపోతున్నాయని ఇంకొకరు తొందరపెట్టారు. నేను మార్కులు వేసి, సంగటి తిని వచ్చాను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇందాక అతను నా కాళ్లకు దణ్ణం పెట్టి, సారు పాసు చేసినవాణ్ణేనని అక్కతో గర్వంగా చెప్పుకున్నాడు. "అట్లయితే ఇంగ నాకేం బయం రా తమ్ముడా" అని నవ్వుతూ అక్క లోపలికి పోయింది. గడ్డ ఉన్న వైపున గుర్తు దగ్గరుండి నేనే పెట్టించాను. అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు.

ఇప్పుడు సీట్లు పెరిగాయి, యంత్రాలు పెరిగాయి, ఫెయిలయ్యేవాళ్లే కరువయ్యారు. మా సారులాంటి మొండిమనిషి ఈ కాలంలో ఎక్కడున్నాడని మా ఈడువాళ్లం కలిసినప్పుడల్లా నిట్టూరుస్తాం. ఈ అబ్బాయి పరీక్ష రోజున ఆయన కుర్చీలో కూర్చున్నది నేనే.