మా ఇంటి మీది అంతస్తు

మా ఇంటికి రెండంతస్తులు. మీది అంతస్తులో గదులు లేవు, కప్పు లేదు, మెట్లు లేవు. ముందుగోడ ఒక్కటే ఉంది. దానికి రెండు కిటికీలు, కిటికీలకు అవ్వ కుట్టిన పూల పరదాలు.

బొగ్గుబాయిలో పనిచేసినన్నాళ్లూ బాపు దోస్తులకు ఒకటే మాట చెప్పేవాడు: "పెద్దపల్లిల రెండంతస్తుల ఇల్లు కడుత." రిటైరయ్యాక కింది గదికి స్లాబు పడేసరికే సొమ్ము అయిపోయింది. మాట మిగిలింది. ఆ మాటనే స్లాబు మీద గోడగా లేపాడు.

"బాపూ, గా మీది కిటికీ తెరిస్తే ఏం కనబడ్తది?" అని అడిగాను.

"ఆకాశం. కింది కిటికీ తెరిస్తే పక్కింటోళ్ల బాత్రూం కనబడ్తది. నీకేది కావాలె?"

నేను లేచి కింది కిటికీ మూసేశాను.

గృహప్రవేశానికి బాయి దోస్తులు బస్సు దిగి, వాకిట్లో నిలబడి మెడలెత్తి చూశారు. బాపు మెడ కూడా కొంచెం పొడుగైంది. భోజనాలయ్యాక వాళ్లలో పొట్టిగా ఉన్నాయన, "అన్నా, మీద గూడ జర చూపియ్" అన్నాడు.

"మీద సున్నం ఆరలే," అంది అవ్వ.

"గోడకు ఆనుకోం తియ్ వదినె."

ఇంటి వెనక్కి పోయి, నిచ్చెన చూసుకుని ఎక్కేశాడు. మిగతావాళ్లూ ఎక్కారు. బాపు పప్పు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ ముఖం చూశాక జోకు వేయబుద్ధి కాలేదు. నేనూ నిచ్చెన ఎక్కాను.

కప్పు కూలకుండా దుంగలు నిలపడం బాయిలో బాపు పని. గోడ వెనకా అదే పని చేశాడు. దుంగలు ఏటవాలుగా ఆనించి, సందుల్లో చెక్కముక్కలు బిగించాడు. అబద్ధాన్ని ఇంత నిజాయతీగా నిలబెట్టిన మనిషిని నేనింకా చూడలేదు.

ఎవరూ నవ్వలేదు. పొట్టాయన కర్ర తీసుకుని, బాయిలో కప్పును తట్టి చూసినట్టు ఒక్కో దుంగనూ తట్టి విన్నాడు.

"ఇది వదులైంది. ఏందన్నా, సొంతింటికాడ గిట్లనా పని?"

"నిన్న గాలి గట్టిగ కొట్టింది," అన్నాడు బాపు. అప్పటికే నిచ్చెన సగం ఎక్కేశాడు, పప్పు గిన్నెతో సహా.

కొత్త పంచెలు ఎగజెక్కి, అందరూ కలిసి ఆ దుంగను మళ్లీ బిగించారు.

అంతలో జైనూర్ నుంచి ఆలస్యంగా వచ్చిన మా మేనమామ వాకిట్లోంచి కేకేశాడు: "మీదున్నరా? రూములెట్లున్నయే?"

పొట్టాయన పరదా జరిపి, కిటికీకి ముఖం ఆనించాడు.

"గాలి మస్తుగొస్తుందన్నా!"