మా బావ కాపలా కాసిన గ్రూపు

మా బావకి ఎవరైనా ఫోటో పంపితే ముందు మనిషిని చూడడు, గోడ చూస్తాడు.

నేనూ బావా ఒకే లాండ్రీలో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాం. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు. నేను తడిమూటలు లాగి తోపుడుబండి మీదకి ఎత్తుతాను. నా నడుము సంగతి అడక్కండి. బావ ఇస్త్రీ రోలర్ దగ్గర నిలబడి, బయటికొచ్చిన ప్రతి దుప్పటినీ వెలుతురుకి పట్టి మరక ఉందేమో చూస్తాడు. ఆ వేడికి ప్యాంటులో తొడలు ఒరుసుకుపోతుంటే, ఇంట్లో వేసుకోమని మా అక్క ఆయనకి నూలు స్కర్టు కుట్టిచ్చింది. ఒరుపు తగ్గిపోయాక కూడా ఆయన దాన్ని వదల్లేదు.

"ఇంకా ఎందుకు బావా అది?" అన్నాను.

"నచ్చిందిరా బామ్మర్దీ. నీకు ఆ బట్టతల ఎందుకు?"

"అది నచ్చి పెట్టుకున్నది కాదు కదా!"

"ఇది నచ్చి వేసుకున్నది. అంతే తేడా."

తర్వాత ఫోన్లో ఒక గ్రూపులో చేరాడు. తొమ్మిది వేలమంది మగవాళ్ళు. స్కర్టులు, గౌన్లు, పూల చొక్కాలు, ఎవరికి నచ్చింది వాళ్ళు వేసుకుని ఫోటోలు పెట్టుకుంటారు. చాలామంది మొహం చూపించరు. పనిలో తెలిస్తే బతకనివ్వరని భయం. నాలుగేళ్ళుగా దానికి బావే అడ్మిన్. ఆయన చూడనిదే ఏ ఫోటో పైకి రాదు. భోజనాల వేళ ఒక చేతిలో ముద్ద, ఇంకో చేతిలో ఫోను.

"అన్నా, వెనక కరెంటు బిల్లు కనపడుతోంది, తీసేసి మళ్ళీ పంపు" అని ఒకరికి రాస్తాడు. "తమ్ముడూ, అద్దంలో మీ పాప స్కూలు సంచి ఉంది, పేరు చదవచ్చు" అని ఇంకొకరికి. దుప్పట్లో మరక వెతికే కళ్ళే అక్కడా పనిచేసేవి.

మాటలకి ఆయన పెట్టిన నియమం ఒక్కటే. గుడ్డ గురించి ఏదైనా అడుగు, మనిషిని మాత్రం ఏమీ అనకు. ఎవడైనా వెక్కిరిస్తే, "గుడ్డ గురించి ఏమన్నా అడగాలా?" అని ఒకసారి రాస్తాడు. రెండోసారి వెక్కిరిస్తే బయటికే.

అలాంటి కళ్ళు కూడా ఒకరోజు మోసపోయాయి.

మెడ కిందనుంచి తీసిన ఫోటో అది. నీలం గౌను వేసుకున్న మనిషి, వెనక మడతపెట్టిన దుప్పటి. బావ గోడ చూశాడు, కిటికీ చూశాడు, సరే అన్నాడు. దుప్పటి మీద గుండ్రటి ముద్ర, అందులో మూడు అలలు. మా లాండ్రీ ముద్రే! రోజుకి వెయ్యిసార్లు చూసే ముద్ర కాబట్టి ఆయన కంటికి ఆనలేదు. చిరిగిన దుప్పట్లు మాకే ఇచ్చేస్తారు, అందరి ఇళ్ళలోనూ ఉంటాయి.

గ్రూపులో ఎవడో ఆ ముద్ర గుర్తుపట్టినట్టున్నాడు, మర్నాటికి ఆ ఫోటో మా పనివాళ్ళ ఫోన్లన్నిట్లోకి వచ్చేసింది. ఇంక చూడండి, ఒకడు టేపు పట్టుకుని అందరి భుజాలూ కొలవడం మొదలెట్టాడు. "వీడేరా!" "నా నడుము అంత సన్నమా? నీ నోట్లో చక్కెర పొయ్య!" ఒకటే నవ్వులు. బావ ఒక్కడే నవ్వలేదు.

ఇంటికెళ్ళేటప్పుడు చెప్పాడు, ఆ మనిషి మెసేజ్ పెట్టాడని. "అన్నా, నువ్వెవరో తెలీదు గానీ నిన్ను నమ్మాను. రేపోమాపో నన్ను పట్టేస్తారు. రేపటినుంచి పనికి వెళ్ళను."

"ఎవరంట బావా?"

"అడగలేదు. రేపు ఒక్కరోజు వెళ్ళు, ఆ తర్వాత నీ ఇష్టం అన్నాను."

"రేపు ఏముంది?"

"నేనున్నాను" అన్నాడు.

మర్నాడు బావ స్కర్టులో బయల్దేరాడు. నిజం చెప్పాలి, వీధిలో నేను పదడుగులు వెనక నడిచాను. మలుపు దగ్గర ఆయన వెనక్కి తిరిగి, "చెప్పులో రాయి పడిందేంట్రా?" అన్నాడు. సిగ్గేసింది. గేటులోకి మాత్రం పక్కపక్కనే వెళ్ళాం.

సూపర్‌వైజర్ ఎదురొచ్చాడు. "ఏంటయ్యా ఈ వేషం? రోలర్లో చిక్కుకుంటే ఎవరు జవాబుదారు?"

బావ జేబులోంచి టేపు తీసి ఇచ్చాడు. "రోలర్‌కి నా అంచు ఎంత దూరమో, మీ ప్యాంటు అంచు ఎంత దూరమో కొలవండి సార్."

కొలిచాడు. స్కర్టు మోకాళ్ళకే ఆగింది, పైగా బిగుతు. సార్ ప్యాంటే నేల ఊడుస్తోంది. "సర్లే, పని చూడు" అని ఆయన వెళ్ళిపోయాడు.

భోజనాల గదిలో బావ నిలబడ్డాడు. "ఆ ఫోటో పైకి రానిచ్చింది నేను. ముద్ర చూసుకోలేదు, తప్పు నాది. అది ఎవరిదో నాకు తెలీదు, మీకూ అక్కర్లేదు. గుడ్డ గురించి ఏమన్నా అడగాలా?"

టేపు పట్టుకున్నవాడు కిసుక్కుమన్నాడు. "అయితే ఇంట్లో మా వదిన నీ ప్యాంటు వేసుకుందా?"

"గుడ్డ గురించి ఏమన్నా అడగాలా?" అన్నాడు బావ మళ్ళీ, వాడివైపు తిరిగి. గొంతు పెంచలేదు. వాడు నోరు తెరిచి, నలుగురి మొహాలూ చూసి, టిఫిన్ బాక్సు మూత తియ్యడంలో పడిపోయాడు.

అప్పుడు మడతలు పెట్టే పెద్దమ్మ లేచొచ్చి స్కర్టు అంచు పట్టుకుంది. "ఏరా అబ్బాయ్, టేపు ఎక్కణ్ణుంచి తీశావు? దీనికి జేబులున్నాయా?"

"రెండు, పెద్దమ్మా."

"ఔరా! ముప్ఫై ఏళ్ళనుంచి అడుగుతుంటే నా బట్టలకి ఒక్క జేబు కుట్టినవాడు లేడు!"

గది ఘొల్లుమంది. ఆ నవ్వులో వెక్కిరింత లేదు. ఆ నవ్వు మధ్యలోనే బాయిలర్ దగ్గరి పెద్దన్న లేచాడు. ఆయన కేకేస్తే ఆవిరి గొట్టం కూడా చప్పుడు ఆపుతుంది. అలాంటి మనిషి గుసగుసలాడినట్టు మాట్లాడాడు.

"నా గౌనుకి జేబుల్లేవు" అన్నాడు. "ఆ నీలంది నాదే."

టేపువాడే తలెత్తి, "మరి... ఆ గుడ్డ ఎక్కడ దొరికింది అన్నా? రంగు బాగుంది" అన్నాడు. పెద్దన్న చెప్పాడు. జేబులు నేను కుట్టిస్తానంది పెద్దమ్మ.

ఆ సాయంత్రం నీలం గౌను తెప్పించి, బావనీ పెద్దన్ననీ దుప్పట్ల గుట్ట ముందు నిలబెట్టి నేనే ఫోటో తీశాను. అలవాటు కొద్దీ బావ ముందు వెనకగోడ చూశాడు. రెండు మొహాలు, లాండ్రీ బోర్డు, దుప్పటి దుప్పటికీ మూడు అలల ముద్ర.

"తీసేసి మళ్ళీ తియ్యనా?" అన్నాను.

బావ పెద్దన్న వైపు చూశాడు. ఆయన తలూపాడు.

"ఉండనీరా" అని బావ ఫోటో గ్రూపులోకి పంపేశాడు.