సోడా అంగట్లో నీటి తోట

అది అరవై రెండో సంవత్సరం. బళ్ళారి బ్రూస్‌పేటలో నేను సోడా అంగడి పెట్టి అప్పటికి ఆరేళ్ళు. గోలీ సోడా ఎలా తయారవుతుందో తెలియనివాళ్ళ కోసం ముందు రెండు మాటలు చెప్తాను. వడగట్టిన నీళ్ళు సీసాలో పోసి, మిషన్ చట్రంలో బిగించి, గ్యాస్ వదిలి చక్రం తిప్పుతాం. లోపలి ప్రెషర్, అంటే గ్యాస్ ఒత్తిడి, గోలీని పైకి నెట్టి మూతి దగ్గరి రబ్బరు రింగుకు అదిమి పెడుతుంది. రింగు అరిగితే గ్యాస్ మెల్లగా కారిపోతుంది. దాన్ని లీకు సీసా అంటాం. రోజూ మొదటి వాయిలో ఒకటో రెండో అలాంటివి తగులుతాయి. వాటిని గిరాకీకి ఇస్తే మర్యాద పోతుంది కాబట్టి మోరీలో, అంటే మురుగు కాలువలో, పారబోయాలన్నది నా లెక్క.

మా ఎదురుగా మల్లికార్జునప్పది కూడా సోడా అంగడే. ఆ చలికాలం ఆయన ఒక రేడియో కొని, గల్లాపెట్టె పక్కన పూలదండ వేసి పెట్టాడు. పాటలు వినడానికి జనం అటు చేరారు. వచ్చినవాళ్ళు ఊరికే నిలబడరు కదా, సోడా తాగుతారు. సోడా అంగడివాడికి ఎండాకాలం నాలుగు నెలలే ఏడాదంతా తిండి పెట్టేవి. ఆ ఏడు ఎండాకాలం కూడా చెయ్యిజారితే అంగడి మూసేసి, గుంతకల్లులో మా బావ నడిపే నూనె మిల్లులో పనికి చేరాల్సిందే. మా బావ మంచివాడే కానీ, ఆయన కింద పనిచేయడం కంటే హగరి ఏటి ఇసుకలో మధ్యాహ్నం పడుకోవడం మేలు.

రేడియో కొనే స్తోమత నాకు లేదు. బెంగళూరులో ఒక హోటల్లో చూసిన అక్వేరియం గుర్తుకొచ్చింది. అద్దాల తొట్టి, అందులో పచ్చని మొక్కలు, మధ్యన తిరిగే చేపలు. పటాలకు అద్దాలు కట్టే ఆయనను బతిమాలి, ఇనుప చట్రానికి అద్దాలు బిగించి లప్పంతో అతికించి, ఆరు బిందెల నీళ్ళు పట్టే తొట్టి చేయించాను. హగరి ఇసుక తెచ్చి అడుగున పరిచాను. కాలువలోంచి వేలెడంత చేపలు, కొంచెం నాచు, రిబ్బన్ లాంటి ఆకులున్న గడ్డి తెచ్చి పెట్టాను. పొద్దుటి ఎండ పడేలా తొట్టిని అంగడి ముందర, మిషన్ పక్కనే నిలబెట్టాను.

పది రోజుల్లో మొక్కలు కుళ్ళిపోయాయి. వచ్చినవాడల్లా చేపలకు బొరుగులు విసిరేవాడు. అవి నాని నీళ్ళు పులిసిపోయాయి. మల్లికార్జునప్ప రోడ్డు దాటి వచ్చి మరీ ముక్కు మూసుకున్నాడు.

“ఏనప్పా ఓబులేశా, నీ తొట్టి నాత కొడ్తాండాది గదప్పా. సోడాకి కూడా ఇవే నీళ్ళా ఏంది?”

నలుగురిలో అన్నాడు. సోడా అమ్మేవాడికి అంతకంటే తిట్టు లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సమయంలో ఆదుకున్నది విశ్వనాథం గారు. కాకినాడ వైపు మనిషి, ఇక్కడి కాలేజీలో బోటనీ లెక్చరర్. రోజూ సాయంత్రం మా అంగట్లో అల్లం సోడా తాగి ఇంటికి వెళ్ళేవారు. ఇసుకను తేట నీళ్ళు వచ్చేదాకా కడగమన్నారు. వేరు ఇసుకలో ఉండాలి, మొదలు మాత్రం కూరుకుపోకూడదన్నారు. నీళ్ళు ఒకేసారి మార్చకుండా వారానికి ఒక బిందె తీసి ఒక బిందె పోయమన్నారు. బొరుగులు మానిపించమన్నారు. నాచు పేరు హైడ్రిల్లా, రిబ్బన్ గడ్డి పేరు వాలిస్‌నేరియా అని నేర్పించారు. ఆ పేర్లు నోటికి వచ్చిన రోజున నేను సగం లెక్చరర్‌ని అయిపోయాననుకున్నాను.

అన్నీ చేసి కొత్త మొక్కలు నాటాను. ఈసారి అవి పెరిగాయి చూడండి, నెల తిరిగేసరికి తొట్టి ఒక చిన్న తోట అయిపోయింది. పొద్దెక్కేసరికి ఆకుల మీద ముత్యాల్లాంటి బుడగలు లేచేవి. జనం రేడియో పాట సగంలో వదిలేసి ఇటు రాసాగారు. నేను చక్రం తిప్పుతూ ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ణి. “ఇసుక ఏడుసార్లు కడగాలప్పా, వాలిస్‌నేరియాకి వేరులోనే ప్రాణం” అని. హైడ్రిల్లా అనే మాటను అవసరం ఉన్నా లేకున్నా వాడేవాణ్ణి. మా ఆవిడ సుంకమ్మ వెనకాల సీసాలు కడుగుతూ నవ్వుకునేది.

పొద్దున పూట అంగడి ఆమెదే. మొదటి వాయి ఆమె చేస్తుంది. నేను సోడా పెట్టెలు బండికి వేసుకుని హోటళ్ళకూ స్టేషన్‌కూ ఇచ్చి, ఎండ ముదిరాక తిరిగి వస్తాను. తొట్టి గొప్పతనమంతా నాదేనని నమ్మడానికి ఈ ఏర్పాటు బాగా పనికొచ్చింది.

ఉగాది పోయిన వారానికి సుంకమ్మ చెల్లెలి కాన్పుకని ఉరవకొండకు వెళ్ళింది. ఆ నెల రోజులూ మొదటి వాయి కూడా నాదే. వెళ్ళిన పది రోజులకు హైడ్రిల్లా కొసలు చిక్కిపోయాయి. వాలిస్‌నేరియా ఆకులు పసుపు పచ్చగా అయ్యాయి. వాటి మీద వెంట్రుకల్లాంటి పాచి పట్టింది. ఒక్క బుడగ లేదు. నేను ఇసుక మళ్ళీ కడిగాను. గోనెపట్టా కట్టి నీడ చేశాను, మళ్ళీ విప్పి ఎండ పెట్టాను. చివరికి పొలానికి వేస్తారు కదా అని వేరుశనగ చెక్క నానబెట్టి ఒక పిడికెడు వేశాను. మర్నాటికి పాత వాసన తిరిగొచ్చి, రెండు చేపలు పైకి తేలాయి. ఎదురుగా రేడియో ఇంకొంచెం గట్టిగా మోగింది. ఎండాకాలం నడిమధ్య, నా అంగడి ముందు ఈగలు తప్ప ఎవరూ లేరు. మా బావ నూనె మిల్లు కళ్ళముందు కనబడి భయం వేసింది.

విశ్వనాథం గారు సోడా పక్కన పెట్టి తొట్టి చుట్టూ తిరిగారు.

“ఓబులేశప్పా, ఈ నెలలో ఇక్కడ ఏం మారిందో చెప్పు.”

“ఏమీ మారలేదు సార్. అదే నీళ్ళు, అదే ఎండ, అదే నేను. మా ఆడమనిషి ఊరికి పోయింది, అంతే.”

“అయితే అదే మారింది” అన్నారు ఆయన.

నాకు నవ్వొచ్చింది. మొక్కలు కూడా ఆమె మీద బెంగ పెట్టుకుంటాయా అనుకున్నాను. బెంగ పెట్టుకున్నది నేను, ఆ మాట ఆయనతో అనలేదు.

ఒక శనివారం సుంకమ్మ వచ్చింది. తొట్టిని చూసి “ఏంది ఇట్ల చేసి పెట్టినావు” అని ఒక్క మాట అంది. మర్నాడు ఆదివారం, విశ్వనాథం గారు పొద్దున్నే వచ్చి బల్ల మీద కూర్చున్నారు. నేను బండి కట్టలేదు.

“అమ్మా, మేము లేమనుకో. నువ్వు రోజూ పొద్దున ఏం చేస్తావో అదే చెయ్యి” అన్నారు.

ఆమె సిగ్గుపడింది. తర్వాత పనిలో పడి మమ్మల్ని మరిచిపోయింది. చిమ్మింది, నీళ్ళు చల్లింది, మొదటి వాయి తిప్పింది. ఒక సీసా చెవి దగ్గర పెట్టుకుని వింది. సుయ్‌మని లీకు. వేలితో గోలీ నొక్కి, నేరుగా తొట్టి దగ్గరికి పోయి, ఆ సోడాను నీళ్ళలోకి నెమ్మదిగా వంచింది.

విశ్వనాథం గారు బల్ల మీది నుంచి లేచి నిలబడ్డారు. “ఇది రోజూ పోస్తావా?”

సుంకమ్మ తప్పు చేసినట్టు నా వైపు చూసింది. “మోరీలో పారబోసేకి మనసు రాలేదు సార్. బాయి నీళ్ళు చేది, కాంచి, బట్టలో వడగట్టింటాను. ఆ కష్టమంతా మోరీకి పోయేకంటే చేపలకన్నా పోనీలే అని పోస్తాంటి. ఈయప్పకి చెప్తే అరుస్తాడని చెప్పలే.”

ఆయన గట్టిగా నవ్వి, మళ్ళీ కూర్చుని, అరగంట సేపు మాకు పాఠం చెప్పారు. మా సిలిండర్‌లో ఉన్నది బొగ్గుపులుసు వాయువు. ఎండ పడ్డప్పుడు ఆకు దాన్నే తిని పెరుగుతుంది, ప్రాణవాయువును బుడగలుగా వదులుతుంది. గాలిలో నుంచి నీళ్ళలోకి దిగేది చాలా కొంచెం. దట్టంగా పెరిగిన తోటకు అది చాలదు. నీళ్ళలో తిండి లేక మొక్క చిక్కితే, పాచి దాని నెత్తికెక్కుతుంది.

“మరి నేను ఏడుసార్లు కడిగిన ఇసుక?” అన్నాను.

“ఇసుకా మంచిదే. నువ్వు కంచం కడిగావు. అన్నం వడ్డించింది ఆమె.”

ఇంతలో ఎండ తొట్టి మీదికి వచ్చింది. నెల రోజులుగా మొద్దుబారిన హైడ్రిల్లా మొదట్లోంచి ఒక బుడగ లేచింది. తర్వాత ఇంకొకటి. కాసేపటికి సన్నని దారంలా వరుసగా లేవసాగాయి. మేము ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయని చెప్పడానికి ఇప్పుడు సిగ్గు లేదు.

నాకు అంతటితో బుద్ధి రావాలి కదా, రాలేదు. ఒక సీసాకే ఇంత అయితే ఐదు సీసాలకు ఎంత అని, మర్నాడు ఆమె లోపల ఉన్నప్పుడు ఐదు మంచి సోడాలు కొట్టి పోశాను. పది నిమిషాల్లో చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. నా కేక విని సుంకమ్మ పరుగెత్తుకొచ్చి, సగం నీళ్ళు తోడేసి, తేట నీళ్ళు ఎత్తు నుంచి ధారగా పోసింది. చేపలు తేరుకున్నాక నా వైపు తిరిగింది.

“అన్నం మంచిదే అని నీ నోట్లో ఐదు శేర్లు కుక్కితే ఊరికే ఉంటావా?”

ఆ రోజు నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. పొద్దున ఎండ తొట్టిని తాకే వేళకు ఒకే ఒక్క లీకు సీసా. మబ్బు పట్టిన రోజు అదీ లేదు, ఎండ లేనిదే ఆకు తినదు కాబట్టి. పోసేది ఆమె. నాకు ఆ పని మళ్ళీ అప్పగించలేదు.

మూడు వారాల్లో తోట అద్దాలను ఒరుసుకుంటూ పెరిగింది. మొక్కలు సోడా తాగుతాయట అని ఊరంతా పాకింది. చూడటానికి చుట్టుపక్కల పల్లెలవాళ్ళూ, కాలువ కింది కొత్త ఊళ్ళవాళ్ళూ, కచేరీ గుమాస్తాలూ వచ్చారు. మొక్క ఒక సీసా తాగితే మనం తాగకపోవడం ఏం మర్యాద అని అందరూ తాగారు. మిషన్ చక్రం తిప్పి తిప్పి నా భుజాలు వాచాయి. గుంతకల్లుకు వెళ్ళే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం మల్లికార్జునప్ప తన రేడియో ఆపేసి వచ్చాడు. చాలాసేపు బుడగలు చూశాడు.

“నిజ హేళప్పా ఓబులేశా, నిజం చెప్పు, ఎట్ల చేసినావు ఇది?”

ఇసుక ఏడుసార్లు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. హైడ్రిల్లా కూడా దాని వెనకే వచ్చింది. వెనకాల సీసాలు కడిగే చప్పుడు ఆగిపోయింది. ఏమంటానో అని ఆమె వింటోంది.

“నాకేం తెలుసన్నా. ఆమెను అడుగు” అన్నాను.

సీసాల చప్పుడు మళ్ళీ మొదలైంది, కొంచెం హుషారుగా.

ముప్పై ఏళ్ళు ఆ పనిలో ఉన్నాను. తొట్టిలో మొక్క వాడిపోయిందని ఎవరు వచ్చి అడిగినా నేను మొదట ఇసుక గురించి అడగను, ఎండ గురించి అడగను. పొద్దున దాని దగ్గర పనిచేసేది ఎవరు అని అడుగుతాను. ఆ మనిషితోనే మాట్లాడతాను. నా అంగట్లోనే ఉన్న జవాబును నేను నెల రోజులు ఇసుకలో వెతికాను మరి.

ఆ వానాకాలం అంగడి బోర్డుకు కొత్త రంగు వేయించాను. బోర్డు రాసే ఆయన పాత బోర్డు మీది నా పేరు చూసి ఓ అనే అక్షరం గీస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. ఊళ్ళో అప్పటికే అందరూ సుంకమ్మ సోడా అనే అంటున్నారు. అదే రాయించాను. ఆమె రోడ్డు అవతలికి పోయి, మల్లికార్జునప్ప రేడియో పక్కన నిలబడి, చదవడం రాకపోయినా ఆ అక్షరాలను చాలాసేపు చూసింది. తిరిగొచ్చి, పొద్దెక్కుతాండాదని లీకు సీసా వెతుక్కుంది.