విస్తరి మీద తువ్వాల

మా అక్క మొగుడు అన్నానికి కూర్చునే తీరు చూసి మా ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. కర్నూలులో మా గృహప్రవేశానికి వచ్చినప్పుడు మొదటిసారి గమనించాను. విస్తరి మీద నీళ్లు చిలకరించి తుడిచాడు, వెంటనే భుజం మీది తువ్వాల తీసి దాని మీద కప్పాడు. అన్నం తన దాకా వచ్చేవరకు అలాగే ఉంచాడు. ఆడవాళ్ల బంతిలో అక్క విస్తరి మీద కొంగు కప్పింది. విస్తరిని ఎవరైనా ఎత్తుకుపోతారా బావా అని ఏడిపిస్తే ఆయన తెల్లమొహం వేశాడు. తాను కప్పినట్టే ఆయనకు తెలియదు.

కడప జిల్లాలో వాళ్ల ఊరి పక్కనే బొగ్గుతో కరెంటు తీసే కేంద్రం ఉండేది. ఆరేసిన బట్టలు, ఎండబెట్టిన వడియాలు, నీళ్ల తొట్టి, అన్నిటి మీదా సన్నటి బూడిద పడేది. అక్కకు దగ్గు పట్టుకుంది. నేను వెళ్లినప్పుడల్లా వంటింట్లోంచి ఆ దగ్గు వినిపిస్తుంటే వసారాలో కూర్చోలేక లేచి తిరిగేదాన్ని.

రెండు వేల సంవత్సరం తర్వాతి కరువు రోజుల్లో ఆ కేంద్రాన్ని ఇంకా పెంచాలనుకున్నారు. పాత పొగగొట్టానికి బూడిద పట్టే యంత్రం బాగుచేసేదాకా ఇప్పటికన్నా ఎక్కువ బొగ్గు కాల్చకూడదని కాలుష్యం సంగతి చూసే ఒక ఆఫీసరు హద్దు పెట్టాడు. ఆ హద్దు ఎత్తేయాలని అక్కడి నాయకుడు పట్టుబట్టాడు. బొగ్గూ బూడిదా తోలే లారీలన్నీ ఆయనవే. హద్దు ఉంటే మీ పిల్లలకు ఉద్యోగాలు రావని ఊరూరా చెప్పించాడు. చివరికి జనం మాట విని తేలుస్తానని ఆ ఆఫీసరే ఊరికి వస్తున్నాడని కబురొచ్చింది.

అప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. నేను బడిలో సైన్సు చెప్పేదాన్ని. రాలే బూడిద అందరికీ కనబడుతుంది. దాంతోపాటు పైకి పోయే బొగ్గుపులుసు గాలి కనబడదు, భూమిని వేడెక్కించేది అదే. వానల కోసం మొగులు చూసి బతికే మా సీమకు అంతకన్నా చేటు ఏముంది? ఇది సభలో చెప్పాలి. బస్సెక్కిన దగ్గర్నుంచీ పెదవులు కదిలిస్తూనే ఉన్నాను. పక్క సీటావిడ జపం అనుకుందేమో, భక్తిగా జరిగి చోటిచ్చింది.

ఇంటికి వెళ్లేసరికి అక్కాబావలు మాట్లాడుకోవడం లేదు. బావ ఆ నాయకుడి మనిషి, ఆయన్ని అన్న అనే పిలుస్తాడు. బావ నాయన పోయినప్పుడు పాడె మోసింది ఆ నాయకుడే, ఆయనకు ఎదురు చెప్పడం బావ వల్ల కాదు. నీ పెళ్లాం దగ్గు గురించి సభలో ఒక్క మాట చెప్పమని అక్క అడిగిందట.

"అన్న ముందర నేను యాడ నోరు తెరిచేది?" అన్నాడు బావ నాతో, గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ. నాకు ఒళ్లు మండింది. ఆయన ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు.

సభ కరెంటు కేంద్రం పక్క మైదానంలో. షామియానా కింద ఆఫీసరు, నాయకుడు, తెల్ల చొక్కాలు. నాకు మైకు ఇచ్చారు. బస్సంతా వల్లెవేసిన మాటలు నోట్లోకి వచ్చేసరికి పాఠంలా తయారయ్యాయి. బొగ్గుపులుసు గాలి అనగానే వెనకాల ఎవడో ఉలవచారు పులుసా అన్నాడు. అందరూ నవ్వారు. నాయకుడు మైకు తీసుకుని మర్యాదగానే అడిగాడు: "ఆ గాలి ఈడ ఎవరికన్నా కనపడిందా తల్లీ?" ఇంకా నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. కూర్చున్నాను, మళ్లీ లేచాను, మళ్లీ కూర్చున్నాను.

ఇంతలో భోజనాలన్నారు. తిండి పెట్టి మాట తీసుకోవడం అక్కడ కొత్త కాదు. షామియానా ముందు ఎండలోనే బంతులు వేశారు. జనం కూర్చున్నారు, విస్తర్లు పడ్డాయి. ఓళిగల వాసన వస్తోంది. నాయకుడు మైకు వదల్లేదు. "మా ఊర్లో బూడిద పడ్తాదనేది ఉత్త మాట సార్. చూడండి, ఆరుబయటే కూర్చోని తింటాండారు మా వాళ్లు" అని చెయ్యి చాపాడు.

ఆఫీసరు అటు చూశాడు. నేనూ చూశాను. చూసి లేచి నిలబడ్డాను. బంతి ఈ కొస నుంచి ఆ కొస దాకా ప్రతి విస్తరి మీదా తువ్వాల ఉంది. పొద్దుటి నుంచి బూడిద లేదని అరిచినవాళ్లు కూడా కప్పారు. నాయకుడి తమ్ముడు కూడా కప్పాడు.

ఆఫీసరు షామియానా కింది నుంచి లేచి వెళ్లి మొదటి బంతి కొసన కూర్చున్న మనిషి ముందు ఆగాడు. ఆయన మా బావ.

"ఎందుకు కప్పారు దీన్ని?"

బావ తల దించి తువ్వాల వైపు చూశాడు. కర్నూలులో వేసిన తెల్లమొహమే మళ్లీ వేశాడు. ఆ తర్వాత నాయకుడి వైపు చూశాడు. ఏదో ఒక అబద్ధం చెప్పేస్తాడనుకున్నాను.

"బూడిద పడ్తాది సార్" అన్నాడు. "ఇంట్లో గూడా ఇంతే. మా ఇంటిదానికి శానా దగ్గు."

హద్దు అలాగే ఉంటుందని చెప్పి ఆఫీసరు సాయంత్రం వెళ్లిపోయాడు. నా పాఠం వల్ల జరిగింది ఏమీ లేదు. నాకు సంతోషంగానూ ఉంది, కొంచెం ఉక్రోషంగానూ ఉంది. నాయకుడు బావ పక్క నుంచే నడిచి కారెక్కాడు. పలకరించలేదు.

బావ ఇంటికొచ్చి వసారాలో ఆ కొస నుంచి ఈ కొసకు తిరగడం మొదలుపెట్టాడు. సభలో ఒక్క మెతుకు ముట్టలేదు. ఇంక అన్న తనను వాకిట్లోకి కూడా రానీడని గొణిగాడు. రానీకపోతే ఇంటికాడే తిను అంటూ అక్క రెండు కంచాలు పెట్టింది, ఒకటి ఆయనకు, ఒకటి నాకు. ఆయన కూర్చుని అలవాటుగా భుజం తడుముకున్నాడు. తువ్వాల మైదానంలోనే ఉండిపోయింది. అరచెయ్యి కంచం మీద బోర్లించాడు.

"తియ్యి, పెడతా" అంది అక్క, గరిటె పట్టుకుని. అంతలోనే దగ్గు తెర వచ్చింది.

బావ చెయ్యి తియ్యలేదు. ఇంకో కంచం తెమ్మని నాకు సైగ చేశాడు. నేను తెచ్చి ఆయన పక్కన పెట్టాను. ఆ ఇంట్లో అక్క ఆయనతో కలిసి కూర్చుని తినడం నేనెప్పుడూ చూడలేదు.

"ముందు నువ్వు కూర్చో" అన్నాడు ఆమెతో. రెండో అరచెయ్యి ఆ ఖాళీ కంచం మీద బోర్లించి, ఆమె దగ్గు ఆగేదాకా అలాగే కూర్చున్నాడు.