ఆదెమ్మ చెవిలో మిల్లు సంగు

ముదలియార్‌పేట ఆదెమ్మ వక్కాకు సంచికి రెండు అరలు. ఒక అరలో ఫ్రెంచి దొరలుండిన వైట్ టౌన్ మందుల షాపునుంచి తెప్పించుకునే ఫ్రెంచి మాత్రలు, అవి మోకాళ్లకు. రెండో అరలో సందు చివరి బంకులో దొరికే ఇంగ్లీషు మాత్రలు, అవి తలనొప్పికి. ఫ్రెంచివాళ్లు దిగిపోయి రెండేళ్లయినా ఆమె ఎవరినీ చిన్నబుచ్చలేదు. పూటకు అటు రెండు, ఇటు రెండు మింగి, పైన తమలపాకు నమిలేది. మిల్లు సంగు, అదే షిఫ్టు సైరను, ఊదగానే ఇడ్లీ గంప నెత్తికెత్తుకుని గేటు దగ్గరికి నడవడం ఆమెకు ముప్పయ్యేళ్ల అలవాటు. ఓ ఆదివారం కూడా సంగు వినిపించింది. వెళ్తే గేటుకు తాళం. గంపనిండా ఇడ్లీలు, గోడమీద రెండు కాకులు. సంగు మాత్రం ఆగకుండా ఊదుతూనే ఉంది.

మర్నాడు ఆస్పత్రి కాంపౌండరు ముత్తు రెండు పొట్లాలమీది అక్షరాలూ చదివి తల పట్టుకున్నాడు.

"రెండూ ఒకే మందు అవ్వా! పేర్లే వేరే. డబల్ డోసు పడి చెవుల్లో ఈ మోత. ఇట్లే మింగితే కడుపులో నెత్తురు కారతాది."

"ఏంది సామీ! జెండా మార్చినోళ్లు మందు మార్చలేదా?"

ఫ్రెంచి అర ఖాళీ అయింది. నాలుగు రోజులకు మోత అణిగింది. ఐదోనాడు పొద్దున మళ్లీ సంగు. ఆదెమ్మ గంప పక్కనే కాళ్లు చాపుకుని కూర్చుంది.

"సంగు ఊదె గదక్కా, ఇంకా పోలేదా?" పక్కింటి మరగతం కేకేసింది.

ఆదెమ్మ జాలిగా చూసింది. "నీకూ వినిపించిందా? నువ్వేం మాత్రలు మింగతా ఉండావే?"