వాచీ మీద ఎవరి తాత?

మా చెల్లెలు విజయశ్రీ భర్త వేణుమాధవ్‌కు ఒకటే జబ్బు: ఎదుటివాడి వంశం పూర్తిగా తెలుసుకోనిదే ఉలి పట్టడు.

న్యూయార్క్ దగ్గర ఐసెలిన్ అనే ఊళ్ళో నగల దుకాణం వెనకగదిలో కూర్చుని వాచీల మీద బొమ్మలు చెక్కుతాడు మా బావ. చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి. చెయ్యి తిరిగింది ఇత్తడి బిందెల మీద పేర్లు చెక్కి. ఇవాళ బియ్యపుగింజంత జాగాలో ఏనుగుల బారు నడిపించగలడు! న్యూయార్క్ ప్రదర్శనలో రెండుసార్లు మొదటి బహుమతి కొట్టాడు. మూడోసారీ వచ్చేదే, న్యాయనిర్ణేతను “మీ ముత్తాతగారిది ఏ ఊరండీ?” అని నిలబెట్టి అడగకపోతే.

రేణు అనే అమ్మాయి ఉంగరం మీద ఒకే ఒక్క అక్షరం చెక్కమంది.

“జస్ట్ ఒక్క లెటర్ అంకుల్!”

“తెలుసమ్మా. మీ అమ్మమ్మ పుట్టిల్లు ఎక్కడన్నావ్?”

బయట కారుకు పార్కింగ్ జరిమానా పడ్డాక గాని లోపల ఉంగరం మీద అక్షరం పడలేదు.

కిందటేడు నీరజ్ వచ్చాడు. మంగళగిరివాళ్ళ పిల్లాడే, పుట్టింది ఇక్కడ. న్యూజిలాండ్ నుంచి వచ్చిన, అక్కడి ఆదివాసులైన మావోరీల అమ్మాయిని ఇష్టపడ్డాడు. అమ్మాయి బామ్మ సరేనంటేనే పెళ్ళి. ఆవిడ ఫోన్లో “ఎవరు నాయనా నువ్వు?” అంటే, వీడు “డేటా ఇంజనీర్” అన్నాడట. ఆవిడ ఠక్కున పెట్టేసింది. ఇప్పుడావిడకో వాచీ ఇచ్చి మెప్పించాలి.

బొమ్మ చూపించాడు. ఒళ్ళంతా సుడులు, మిడిగుడ్లు, బారెడు నాలుక చాచిన ముఖం.

“ఈయనెవరి తాతగారు?” అన్నాడు బావ.

“ఎవరి తాతా కాదంకుల్, నెట్‌లో దొరికిన డిజైన్. కూల్ కదా!”

“వాళ్ళు చెక్కుకునేది వాళ్ళ పెద్దల్నిరా. ఎవరి తాతనో తెచ్చి ఆ ముసలావిడ చేతికి కడతావా? అది నేను చూసుకుంటాలే. ముందు మీ ముత్తాత ఏం చేసేవాడో చెప్పు.”

“వాచ్ ఆమెకైతే నా ముత్తాత ఎందుకంకుల్?”

“కనుక్కుని రా.”

ఆరు శనివారాలు తిప్పాడు. మగ్గం నేసిన ముత్తాతా, ఈత నేర్చిన నాయనమ్మా అందరూ బయటికొచ్చారు గాని వాచీ మాత్రం బయటికి రాలేదు.

నాకే ఒళ్ళు మండింది. “బావా, ఈలోగా కుర్రాడి జుట్టు నెరిసేట్టుంది!”

“నీకు తెలీదులే బావా.”

ఏడో శనివారం నీరజ్ పరిగెత్తుకొచ్చాడు. “అంకుల్! బామ్మ యెస్ చెప్పింది! మా ముత్తాత మగ్గం కూడా ఆమెకి తెలుసు. ఎవరు చెప్పారు?”

బావ తల భూతద్దంలో దూర్చేశాడు.

“ఇంకెవరు నాయనా!” అంది చెల్లెలు. “పిల్లనడిగి నంబరు పుచ్చుకుని, వారం వారం గంటసేపు ఫోను. వచ్చీరాని ఇంగ్లీషులో మీ వంశమంతా అప్పజెప్పారు.”

“నమూనా కోసమే చేశాను,” గొణిగాడు బావ. “ఎవరు నువ్వంటే వాళ్ళలో ముందు తమ కొండా నదీ చెప్పుకోవాలట. ఆ కుర్రాడి కొండేది, నదేది అందావిడ. మంగళగిరి, కృష్ణ అన్నాను. ఈ ముక్క వాడికి నోటికి రాలేదేం అంది.”

అప్పుడు వాచీ నీరజ్ చేతిలో పెట్టాడు. నాలుక చాచిన తాత లేడు. చుట్టచుట్టుకున్న లేత ఫెర్న్ ఆకు, వాళ్ళకది కొత్త బతుకుకు గుర్తట. చుట్టూ బామ్మగారి ఊరి నది. ఏ అల ఎటు తిరగాలో ఆవిడే చెప్పింది. అలాంటి పని నా డెబ్భై రెండేళ్ళలో నేను చూడలేదు.

పెళ్ళికి ఆ వాచీ పెట్టుకునే వచ్చిందావిడ. పెళ్ళికొడుకుని దాటుకుని తిన్నగా బావ దగ్గరికొచ్చి, నుదుటికి నుదురు, ముక్కుకు ముక్కు ఆనించి నిలబడింది. అది వాళ్ళ పలకరింపు. మా బావ కొయ్యబారిపోయాడు.

“ఏమండీ,” అంది మా చెల్లెలు, “ముక్కు పట్టుకుంటే మీ నోరు మూతపడుతుందని ముప్పై ఏళ్ళ కిందటే తెలిస్తే ఎంత బాగుండేది!”